ఫ్యూయల్ సెల్ బండికి నీరే అసలు పరీక్ష

ఫ్యూయల్ సెల్ కారులోనూ చక్రాలను తిప్పేది విద్యుత్ మోటారే. కాకపోతే కరెంటు బండి నడుస్తుండగానే హైడ్రోజన్ నుంచి పుడుతుంది. ఆనోడ్ (హైడ్రోజన్ వచ్చే వైపు ఎలక్ట్రోడ్) మీది ప్లాటినం ఉత్ప్రేరకం హైడ్రోజన్‌ను ప్రోటాన్లుగా, ఎలక్ట్రాన్లుగా విడదీస్తుంది. ప్రోటాన్లు పలుచని పాలిమర్ పొరను దాటి కాథోడ్ (గాలి వచ్చే వైపు ఎలక్ట్రోడ్) చేరతాయి. ఎలక్ట్రాన్లను ఆ పొర దాటనివ్వదు. అవి తీగల గుండా మోటారును నడిపిస్తూ చుట్టు తిరిగి కాథోడ్‌కే వస్తాయి. అక్కడ గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి అన్నీ నీరవుతాయి.

సిద్ధాంతం ప్రకారం ఒక్కో సెల్‌కు 1.23 వోల్టులు రావాలి. లోడు పడ్డాక మిగిలేది 0.6–0.7 వోల్టులే. అందుకే వందల సెల్‌లను పేర్చి స్టాక్ కడతారు. టొయోటా తొలి మిరాయ్ కారులో 370 సెల్‌లు కలిసి గరిష్ఠంగా 114 కిలోవాట్లు ఇచ్చేవి.

కిలో హైడ్రోజన్ ఖర్చయితే దాదాపు 9 కిలోల నీరు పుడుతుంది. స్టాక్ ఆయుష్షు చాలావరకు ఈ నీటిని ఎలా సంభాళిస్తామన్న దాని మీదే ఉంది. పొర తడిగా ఉంటేనే ప్రోటాన్లు కదులుతాయి. ఎండితే నిరోధం పెరుగుతుంది, పొర వేడెక్కి సూదిబెజ్జాలు పడతాయి. నీరు నిలిచిపోతే మరో ముప్పు: వాయువు ఉత్ప్రేరకం దాకా చేరదు. ఆనోడ్ వైపు హైడ్రోజన్ అందని సెల్ వోల్టేజీ తలకిందులవుతుంది. అప్పుడు ఉత్ప్రేరకాన్ని మోసే కార్బనే తినేయబడుతుంది. సెల్‌లన్నీ ఒకే వరసలో ఉన్నందున ఒక్కటి దెబ్బతిన్నా మొత్తం స్టాక్ బలహీనపడుతుంది. కాబట్టి సెల్ వోల్టేజీలను నిరంతరం గమనించాలి. గాలిని అవసరానికి సుమారు రెట్టింపు పంపాలి, ఆనోడ్‌లో పేరుకునే నీటినీ నైట్రోజన్‌నూ అప్పుడప్పుడు వాల్వు తెరిచి బయటికి తోలాలి. చలి ప్రాంతాల్లో బండి ఆపేటప్పుడు లోపలి నీటిని గాలితో ఊదేయకపోతే అది గడ్డకట్టి ఎలక్ట్రోడ్లను చీలుస్తుంది.

వేడి సంగతీ తేలిక కాదు. స్టాక్ 60–80 డిగ్రీల సెల్సియస్ దగ్గర నడుస్తుంది. పెట్రోలు ఇంజనులోలా పొగగొట్టం పెద్దగా వేడిని మోసుకుపోదు, బయటి గాలితో తేడా కూడా తక్కువే. అందువల్ల రేడియేటర్ పెద్దది కావాలి. స్టాక్‌ను చల్లబరిచే ద్రవంలో (కూలెంట్) అయాన్లు, అంటే విద్యుదావేశమున్న కణాలు, చేరితే కరెంటు లీకవుతుంది. దానికి అయాన్ ఫిల్టర్ తప్పనిసరి.

హైడ్రోజన్‌లో కార్బన్ మోనాక్సైడ్ పది లక్షల్లో 0.2 వంతు దాటకూడదన్నది అంతర్జాతీయ ప్రమాణం. ఆ వాయువు ప్లాటినాన్ని అంటిపెట్టుకుని హైడ్రోజన్‌కు చోటు లేకుండా చేస్తుంది.

స్టాక్ పక్కన చిన్న బ్యాటరీ ఎందుకంటే, స్టాక్‌లోకి గాలిని పంపే కంప్రెసర్ వేగం అందుకునేలోపు మోటారు అడిగే శక్తి అదే ఇవ్వాలి, బ్రేకు వేసినప్పుడు వచ్చేదాన్ని అదే దాచుకోవాలి. దీన్ని మరీ చిన్నదిగా పెట్టడం తప్పుడు పొదుపు. ట్రాఫిక్‌లో ఎగుడుదిగుళ్లన్నీ స్టాక్ మీద పడితే, వోల్టేజీ పైకీ కిందికీ ఊగిన ప్రతిసారీ కొంత ప్లాటినం కరిగిపోతుంది.