రువాపేహు మంచువాలు: 2018లో పడిన ముడి

న్యూజిలాండ్ ఉత్తర ద్వీపంలోని రువాపేహు పర్వతం మీద స్కీ మైదానాల వివాదం చలికాలం దగ్గర పడిన ప్రతిసారీ మళ్లీ పైకి వస్తోంది. డెబ్బై ఏళ్ల పాటు నడిచిన పాత కంపెనీ దివాలా తీసింది. దాని చేతిలో ఉన్న ఫకపాపా, టూరోవా మైదానాలు వేర్వేరు యాజమాన్యాలకు వెళ్లాయి. అయినా జీవితకాల పాస్‌లు కొన్నవారు తమ డబ్బు గురించి అడుగుతూనే ఉన్నారు. ఆ పర్వతాన్ని పూర్వీకుడిగా భావించే మావోరీ (న్యూజిలాండ్ మూలవాసుల) తెగలు, కొత్త యాజమాన్యాలకు పదేళ్ల అనుమతులు ఇచ్చిన తీరును ప్రశ్నిస్తూనే ఉన్నాయి. ఆక్లాండ్ నుంచి నాలుగు గంటలకు పైగా కారులో వెళ్లి పిల్లలకు మొదటిసారి మంచు చూపించి వచ్చే మన తెలుగు కుటుంబాలు కూడా ఈ తగవు పేరు వినే ఉంటాయి. అయితే పాస్‌ల తగవు, అనుమతుల తగవు ఒకే చోట ఎందుకు ముడిపడ్డాయో వార్తల్లో అరుదుగా కనిపిస్తుంది.

1913లో ఇద్దరు ఔత్సాహికులు స్కీలు తొడుక్కుని ఈ వాలు మీద దిగడం, అదే ఏడాది రువాపేహు స్కీ క్లబ్ పుట్టడం, 1929లో కొండ దిగువన షాతో హోటల్ లేవడం, ఇవన్నీ ఎన్నోసార్లు రాసినవే. క్లబ్బుల చరిత్రలు సాధారణంగా అక్కడ మొదలై సభ్యుల శ్రమదానం, లిఫ్టుల నిర్మాణం మీదుగా సాగుతాయి. ఆ చరిత్రను భద్రపరచడం అవసరమే. కానీ నేటి తగవుకు మూలం వెతికేవారు 1913 దగ్గర కాక 2018, 2019 సంవత్సరాల దగ్గర ఆగాలి. క్లబ్బుల నుంచి పుట్టిన సంస్థ తన శక్తికి మించిన అప్పు తలకెత్తుకున్నదీ, అది నిలబడిన నేలకు సంబంధించిన చట్టం అర్థం మారిపోయినదీ ఆ రెండేళ్లలోనే. ఈ రెండు సంగతులకూ అప్పట్లో ఎవరూ సంబంధం చూడలేదు.

ఆ సంస్థ స్వభావం తెలిస్తే అప్పు బరువు ఎంతటిదో అర్థమవుతుంది. రువాపేహు ఆల్పైన్ లిఫ్ట్స్ 1953లో ఏర్పడింది. పేరుకు కంపెనీయే గానీ వాటాదారులకు లాభం పంచదు. మిగిలిన ప్రతి డాలరూ తిరిగి కొండ మీదే ఖర్చు కావాలన్నది దాని నియమం. ఫకపాపా లిఫ్టుల మొదట్లో, సుమారు 1,630 మీటర్ల ఎత్తున, ఇవికావు అనే ఊరుంది. ఊరంటే పదుల సంఖ్యలో క్లబ్బుల బసలే. సభ్యులే వంట చేసుకుని, పాత్రలు కడుక్కుని, వేసవి సెలవుల్లో వచ్చి పైకప్పులు బాగుచేసుకునే ఇళ్లు అవి. లాభం పంచని కంపెనీ ఆ క్లబ్బుల మనస్తత్వానికి సరిగ్గా సరిపోయింది. వాటా కొన్నవారు రాబడి ఆశించలేదు, తమ పిల్లలు కూడా అక్కడే స్కీ నేర్చుకుంటే చాలనుకున్నారు.

క్లబ్ మైదానం అంటే ఏమిటో పూర్తిగా తెలియాలంటే దక్షిణ ద్వీపంలోని క్రేగీబర్న్ లాంటి చోటికి వెళ్లాలి. అక్కడ కుర్చీల లిఫ్ట్ లేదు. ఇంజను తిప్పే ఒక పొడవాటి తాడు కొండ మీదికి నిరంతరం పరుగెత్తుతూ ఉంటుంది. స్కీయర్ నడుముకు పట్టీ కట్టుకుంటాడు. దానికి వేలాడే ఇనుప పట్టకారును, అడకత్తెరలా రెండు దవడలున్న పనిముట్టును, కదిలే తాడు మీద వేసి బిగిస్తాడు. తాడు అతణ్ణి పైకి లాక్కుపోతుంది. దారిలో తాడును మోసే కప్పీలు వస్తుంటాయి, చేతివేళ్లు వాటికి దూరంగా ఉంచుకోవాలి. చేతి తొడుగులు తాడు రాపిడికి చిరిగిపోతాయి కనుక వాటి మీద మందపాటి తోలు తొడుగు వేసుకుంటారు. ఖర్చు తక్కువ, మరమ్మతు సభ్యుల చేతిలోనే. ఒక ఏడాది మంచు పడకపోతే తాడు ఊరికే ఉంటుంది, అంతకు మించి నష్టం లేదు. రువాపేహు తూర్పు వైపున ఉన్న టుకీనో మైదానం ఇప్పటికీ ఇలా స్వచ్ఛంద కార్యకర్తల చేతుల మీదుగానే నడుస్తోంది. పెద్ద కంపెనీ కూలినప్పుడు టుకీనో మీద అప్పులవాళ్లెవరూ వచ్చి పడలేదు.

పడమటి వైపున కథ వేరే దారి పట్టింది. రువాపేహు నిప్పు ఆరని కొండ. 1995, 1996 సంవత్సరాల్లో అది పేలి, మంచు మీద బూడిద కప్పి, వరుసగా రెండు సీజన్లను దెబ్బతీసింది. 2000లో దివాలా అంచున ఉన్న టూరోవాను కూడా ఫకపాపా కంపెనీయే కొనుక్కుంది. దాంతో ఒకే లాభాపేక్ష లేని సంస్థ చేతిలో ఉత్తర ద్వీపంలోని రెండు అతిపెద్ద స్కీ మైదానాలు, రెండు రకాల వాతావరణాలు, రెట్టింపు యంత్రాలు చేరాయి. లాభం పంచని నియమం వల్ల చెడ్డ రోజులకు దాచిన నిల్వ పెద్దగా ఉండదు. కొత్త పెట్టుబడి కావాలంటే అప్పు తేవాలి, లేదా రాబోయే ఏళ్ల టికెట్లను ముందే అమ్ముకోవాలి.

కంపెనీ రెండూ చేసింది. 2019 జూలైలో ఫకపాపాలో స్కై వాకా గండోలా, అంటే తీగ మీద నడిచే మూసిన పెట్టెల లిఫ్ట్, మొదలైంది. దాని పొడవు 1.8 కిలోమీటర్లు, ఒక్కొక్కటి పదిమందిని మోసే పెట్టెలు 50, ఖర్చు సుమారు 2.5 కోట్ల న్యూజిలాండ్ డాలర్లు. అందులో కోటి డాలర్లు ప్రభుత్వ ప్రాంతీయ అభివృద్ధి నిధి నుంచి వచ్చిన అప్పు. స్కీ రానివారు కూడా ఏడాది పొడవునా వచ్చి, అద్దాల పెట్టెలో కూర్చుని కొండ చూసి పోతారని, ఆ రాబడితో మంచు లేని ఏళ్లను దాటవచ్చని లెక్క వేసుకున్నారు. లెక్క అర్థం లేనిది కాదు. కానీ అది సభ్యుల మీద ఆధారపడిన మైదానాన్ని సందర్శకుల మీద ఆధారపడిన వ్యాపారంగా మార్చింది, మరునాడే సందర్శకులు ఆగిపోతే ఏమవుతుందన్నది చూసుకోలేదు. 2020లో, 2021లో కోవిడ్ వచ్చింది. 2022 చలికాలంలో మంచు సరిగా పడలేదు. ఆ ఏడాది అక్టోబరు 11న కంపెనీ స్వచ్ఛందంగా దివాలా నిర్వాహకుల చేతిలోకి వెళ్లింది. అప్పటికి దాని బాకీలు నాలుగు కోట్ల డాలర్లు దాటాయి.

జీవితకాల పాస్‌లు తీసుకున్న సుమారు 14,000 మంది పరిస్థితి అప్పుడు బయటపడింది. వేల డాలర్లు ముందే కట్టి, బతికున్నంత కాలం లిఫ్టు ఎక్కే హక్కు కొనుక్కున్నామని వారు అనుకున్నారు. క్లబ్ సభ్యత్వానికి పొడిగింపుగానే దాన్ని చూశారు. దివాలా చట్టం దృష్టిలో మాత్రం వారు హామీ లేని రుణదాతలు, బ్యాంకుకూ ప్రభుత్వానికీ వెనక వరుసలో నిలబడవలసినవారు. 2023 జూన్‌లో రుణదాతల సమావేశంలో ఏ ప్రతిపాదనా నెగ్గక కంపెనీ లిక్విడేషన్‌లోకి, అంటే ఆస్తులు అమ్మి బాకీలు తీర్చి మూసివేసే దశలోకి, వెళ్లింది. మైదానాన్ని తామే కొని, పాస్‌లను నిలబెట్టాలని పాస్‌దారులు సంఘంగా ఏర్పడి ప్రయత్నించారు. ఫలితం దక్కలేదు. సభ్యుడిగా ఇచ్చిన డబ్బు అప్పుగా మారి, ఆ అప్పు చెల్లనిదిగా తేలడం వారిని ఎంత బాధించి ఉంటుందో ఊహించుకోవచ్చు. వారి ఆక్రోశం న్యాయమైనదే. అయితే అది తమకు అమ్మిన కంపెనీతో ఉన్న లెక్క, కొండతో కాదు.

కొండతో ఉన్న లెక్క సంగతి 2018 డిసెంబరులో సుప్రీం కోర్టు ఇచ్చిన ఒక తీర్పుతో మారింది. ఆ కేసుకూ స్కీకీ సంబంధం లేదు. ఆక్లాండ్ తీరంలోని రంగిటోటో, మోటుటాపు దీవుల్లో పర్యాటకులను తిప్పుకునే అనుమతుల గురించి న్గాయ్ టాయ్ కి టామకి తెగ వేసిన వ్యాజ్యం అది. 1987 నాటి సంరక్షణ చట్టంలోని నాలుగో సెక్షన్, ప్రభుత్వ సంరక్షణ శాఖ చేసే పనులు వైటాంగీ ఒడంబడిక (1840లో బ్రిటిష్ రాజ్యానికీ మావోరీ అధిపతులకూ కుదిరిన ఒప్పందం) సూత్రాలను అమలుచేయాలని చెబుతుంది. ఆ సెక్షన్‌కు ఎంతో బలముందని కోర్టు తేల్చింది. రక్షిత భూమిలో వ్యాపార అనుమతి ఇచ్చేటప్పుడు ఆ నేలతో సంబంధమున్న తెగకు ప్రాధాన్యం ఇవ్వాల్సిన అవసరముందేమో, వారికి ఆర్థిక ప్రయోజనం కలుగుతుందేమో శాఖ తప్పక పరిశీలించాలని చెప్పి, ఇచ్చిన అనుమతులను మళ్లీ పరిశీలించమంది. గండోలా స్తంభాల పని నడుస్తున్న రోజులవి. రువాపేహు స్కీ మైదానాలు కూడా రక్షిత ఉద్యానవన భూమిలోనే ఉన్నా, ఆ తీర్పు వాటిని ఏ మేరకు తాకుతుందో అప్పట్లో ఆలోచించినవారు తక్కువ. పాత కంపెనీకి పాత అనుమతి ఉంది, కంపెనీ బతికున్నంత కాలం ఆ ప్రశ్న లేవదు. కంపెనీ పోయి, కొత్త యజమానికి కొత్త అనుమతి ఇవ్వవలసి వచ్చిన క్షణంలోనే అది లేచింది. అప్పు వల్ల కూలింది కంపెనీ, దాని అడుగున ఉన్న నేల ప్రశ్న బయటపడింది.

ఆ నేల 1887లో చేతులు మారింది, లేదా మారిందని ప్రభుత్వం అనుకుంది. అంతకు ముందు ఏడాది స్థానిక భూముల కోర్టు టౌపోలో కూర్చుని పర్వతాల చుట్టూ ఉన్న భూములను విడదీసి హక్కులు తేలుస్తుంటే, న్గాటి తూఫారెటోవా తెగ అధిపతి హోరోనుకు టే హేవుహేవు తమ పవిత్ర శిఖరాలు ముక్కలై అమ్ముడుపోతాయని భయపడ్డాడు. 1887 సెప్టెంబరు 23న టోంగారీరో, న్గావురుహోయే శిఖరాలను, రువాపేహులో కొంత భాగాన్ని, మొత్తం సుమారు 2,640 హెక్టార్లను బ్రిటిష్ రాణికి అప్పగించాడు. 1894లో దాన్ని ఆధారం చేసుకుని దేశంలో మొదటి జాతీయ ఉద్యానవనం, టోంగారీరో, చట్టబద్ధమైంది. ఉదారంగా చేసిన దానంగా ఇది వందేళ్ల పాటు పాఠ్యపుస్తకాల్లో నిలిచింది.

మావోరీ పక్షం చెప్పే మాట వేరు. తమ సంప్రదాయంలో అటువంటి అప్పగింత సంబంధాన్ని తెంచదు, ముడివేస్తుంది. హోరోనుకు కోరింది పర్వతాల మీద రాణితో భాగస్వామ్యాన్ని, కొండను వదిలేసుకోవడాన్ని కాదు. పైగా రువాపేహుతో అనుబంధం ఒక్క తెగది కాదు. దక్షిణ వాలున ఉన్న న్గాటి రంగి వంటి తెగలను ఆనాడు ఎవరూ సంప్రదించలేదు. ఒడంబడిక ఉల్లంఘనల ఫిర్యాదులను విచారించే వైటాంగీ ట్రిబ్యునల్ 2013లో వెలువరించిన టే కాహుయి మౌంగా నివేదికలో ఈ వాదనకే బలం చేకూరింది. అప్పగింత అసలు ఉద్దేశం భాగస్వామ్యమేనని, ప్రభుత్వం దాన్ని సొంత ఆస్తిగా మార్చుకోవడం ఒడంబడికకు విరుద్ధమని ట్రిబ్యునల్ అభిప్రాయపడి, ఉద్యానవనాన్ని ప్రభుత్వం, తెగలు కలిసి ఉమ్మడిగా, అన్యాక్రాంతం కాని విధంగా ఉంచాలని సిఫారసు చేసింది. ఆ తరువాత న్గాటి తూఫారెటోవాతో 2018లో, న్గాటి రంగితో 2019లో పరిష్కార చట్టాలు వచ్చాయి. రెండింటిలోనూ ఉద్యానవనం సంగతిని పక్కన పెట్టారు. తరువాత విడిగా మాట్లాడుకుందామన్నారు. ఆ విడి చర్చ ముగియకముందే స్కీ కంపెనీ కూలింది.

కూలిన తరువాత ప్రభుత్వానికి చిక్కు వచ్చింది. కొనేవారు దొరకకపోతే కొండ మీది లిఫ్టులు, స్తంభాలు, కట్టడాలు తొలగించే ఖర్చు తన నెత్తిన పడే ప్రమాదముంది. కొండ దిగువ ఓహాకునే వంటి ఊళ్ల బతుకు చలికాలం మీదే ఆధారపడింది. కనుక పలు దఫాలుగా కోట్ల డాలర్లు పోసి సీజన్లు నడిపించింది. 2024లో టూరోవా ఆస్తులు నామమాత్రంగా ఒక డాలరుకు ప్యూర్ టూరోవా కంపెనీకి వెళ్లాయి, పదేళ్ల అనుమతి వచ్చింది, ప్రభుత్వం 25 శాతం వాటా ఉంచుకుంది. పాత కంపెనీ ఇచ్చిన జీవితకాల పాస్‌లను కొత్త యాజమాన్యం గుర్తించలేదు. 2025లో ఫకపాపా, పాత కంపెనీని ఏళ్ల పాటు నడిపిన వ్యక్తి నాయకత్వంలోని ఫకపాపా హోల్డింగ్స్‌కు వెళ్లింది, అక్కడా పదేళ్ల అనుమతే. తెగలు దీన్ని మరో విధంగా చూశాయి. కొండ మీద హక్కుల చర్చ ముగియకుండానే దశాబ్దం పాటు దాన్ని ఇతరులకు అప్పగించారన్నది వారి అభ్యంతరం. సుప్రీం కోర్టు 2018లో పరిశీలించమన్న ప్రశ్న ఇక్కడ నిజంగా పరిశీలనకు వచ్చిందా, తొందరలో పక్కకు జరిగిందా అన్నదే వారు అడుగుతున్నది.

స్కీయర్ల వైపు జవాబు సూటిగా ఉంది. తాము వందేళ్లకు పైగా కొండను ప్రేమించి, రోడ్లు, బసలు కట్టి, పిల్లలను పెంచామని, అనుమతి పదేళ్లకే పరిమితమైతే పెట్టుబడి రాదని, లిఫ్టు మీద పెట్టిన డబ్బు పదేళ్లలో తిరిగి రాదని వారు చెబుతారు. లిఫ్టుల ఆర్థిక లెక్క నిజమే. అయినా ఎక్కువ కాలం కావాలంటే కొండ ఎవరి బాధ్యతలో ఉందో ముందు తేలాలి కదా. ఆ తేల్చే పని ఎవరికీ నష్టం కానవసరం లేదని పడమటి తీరంలోని తారానాకి పర్వతం చూపిస్తోంది. 2025 జనవరి 30న పార్లమెంటు ఆ పర్వతాన్ని చట్టబద్ధ వ్యక్తిగా గుర్తిస్తూ చట్టం చేసింది. దాని తూర్పు వాలున స్ట్రాట్‌ఫర్డ్ మౌంటెన్ క్లబ్ నడిపే మాంగానుయి స్కీ మైదానం ఉంది, సభ్యుల చేతుల మీదుగా నడిచే చిన్న క్లబ్ మైదానం. కొండకు చట్టం దృష్టిలో వ్యక్తి హోదా వచ్చిందని అది మూతపడలేదు.

రువాపేహులో టూరోవా అనుమతి గడువు 2034లో తీరుతుంది, మరుసటి ఏడాది ఫకపాపాది. టోంగారీరో ఉద్యానవనం మీద ప్రభుత్వానికీ తెగలకూ మధ్య ఒప్పందం ఆలోపే కుదిరితే, ఆ తరువాతి అనుమతి పత్రం మీద సంతకం సంరక్షణ మంత్రి ఒక్కరిదే ఉంటుందా, తెగల ప్రతినిధులది కూడా ఉంటుందా అన్నది ఆ ఒప్పందమే నిర్ణయిస్తుంది.