ఒప్పందం కుదిరితే బియ్యం కదులుతుందా? ఎగుమతుల్లో అపోహలు - వాస్తవాలు

ఏదో ఒక దేశంతో స్వేచ్ఛా వాణిజ్య ఒప్పందం (ఎఫ్‌టీఏ) కుదిరిందని టీవీలో వస్తే చాలు, నా ఫోను మోగుతూనే ఉంటుంది. "ఏమండీ, ఇక అక్కడికి మన బియ్యం పంపొచ్చా?" అని మిల్లర్లు అడుగుతారు. కాకినాడలో బియ్యం ఎగుమతి కాగితాల పనిలో ఇరవై ఏళ్లకు పైగా ఉన్నాను. 2025 జులై 24న బ్రిటన్‌తో సంతకాలైన రోజు కూడా ఇదే జరిగింది. ఒక్కొక్కరికీ ఫోనులో చెప్పేది ఈసారి రాసి పెడుతున్నాను.

అపోహ: ఎఫ్‌టీఏ కుదిరిందంటే బియ్యానికి సుంకం పోయినట్టే.

ఒప్పందం వెనక వందల పేజీల పట్టిక ఉంటుంది. ఏ సరుకుకు ఎంత సుంకం తగ్గుతుంది, ఎన్నేళ్లలో తగ్గుతుంది అన్నది అందులో కోడ్‌ల వారీగా రాస్తారు. బియ్యం కోడ్ 1006తో మొదలవుతుంది. ముందు చూడాల్సింది ఆ వరుస. చాలాసార్లు అక్కడ 'మినహాయింపు' అనే ఉంటుంది.

కొరియాతో మన ఒప్పందం 2010లో, జపాన్‌తో 2011లో అమల్లోకి వచ్చాయి. రెండింట్లోనూ బియ్యాన్ని పక్కన పెట్టారు. జపాన్‌లో కోటా దాటిన బియ్యం మీద కిలోకు 341 యెన్‌లు కట్టాలి. ఆ సుంకంతో అక్కడ వ్యాపారం గిట్టడం చాలా కష్టం. బ్రిటన్ కూడా మిల్లు పట్టిన బియ్యాన్ని రాయితీల్లోంచి తప్పించింది. వాళ్లను తప్పుపట్టను. మన పాడి రైతును కాపాడుకోవాలని మనమూ ప్రతి చర్చలో పట్టుబడతాం కదా.

అపోహ: ఒప్పందం లేని దేశంలో మనకు మార్కెట్ ఉండదు.

కాకినాడ రేవుకు వచ్చి చూడండి. ఓడ సముద్రంలో లంగరు వేసుకుని ఉంటుంది. 50 కిలోల బస్తాలు బార్జిల మీద దాని దగ్గరికి వెళ్తాయి. నాలుగు చినుకులు పడితే హ్యాచ్, అంటే ఓడ గది మూత, మూసి, ఆకాశం వైపు చూస్తూ కూర్చోవాలి. ఆ ఓడల్లో చాలా వాటి గమ్యం పశ్చిమ ఆఫ్రికా: బెనిన్, టోగో, ఐవరీ కోస్ట్, సెనెగల్. వీటిలో దేనితోనూ మనకు ఎఫ్‌టీఏ లేదు. సెనెగల్ వాళ్లు ఇష్టంగా వండుకునేది నూకే. ఆ ప్రాంత దేశాలు బియ్యం మీద వేసే ఉమ్మడి సుంకం 10 శాతం. థాయిలాండ్ బియ్యానికీ అంతే, మనకూ అంతే. పోటీ అంతా ధరలో, ఓడ కిరాయిలో, చెప్పిన నూక శాతం నిలబెట్టుకోవడంలో ఉంటుంది. ప్రపంచ బియ్యం వ్యాపారంలో ఇంచుమించు 40 శాతం మన దేశానిదే. అందులో ఎక్కువ భాగం ఏ రాయితీ లేకుండా గెలుచుకున్నదే.

అపోహ: వేరే దేశాల ఒప్పందాలతో మనకేం పని?

చాలా పని ఉంది. ఫిలిప్పీన్స్ 2019లో బియ్యం దిగుమతిని సుంకాల పద్ధతిలోకి మార్చింది. ఆసియాన్ (ఆగ్నేయాసియా దేశాల కూటమి) దేశాల బియ్యానికి 35 శాతం. మనలాంటి బయటివాళ్లకు కోటాలో 40, కోటా దాటితే 50. టన్ను 400 డాలర్ల బియ్యమే అనుకుందాం. ఆసియాన్‌లో ఉన్న వియత్నాం సరుకు మీద 140 డాలర్లు పడితే, మన సరుకు మీద 200. ఆ 60 డాలర్ల తేడా మన మిల్లర్ ఎంత తగ్గించి ఇచ్చినా పూడదు. ఆసియాన్‌తో మనకూ 2010 నుంచి ఒప్పందం ఉంది, కానీ బియ్యంలో ఆ 35 మనకు దక్కలేదు.

2021లో ఫిలిప్పీన్స్ వాళ్లే అందరికీ 35 చేశారు. 2024 జులైలో అందరికీ 15కు దించారు. అది మన చర్చల వల్ల కాదు, వాళ్ల ఊళ్లలో బియ్యం ధర మండిపోవడం వల్ల. 2025 మార్చి 31న తెలంగాణ ప్రభుత్వ బియ్యం, ఎంటీయూ 1010 రకం, కాకినాడ నుంచి ఫిలిప్పీన్స్‌కు బయల్దేరింది. రేవులో అందరికీ పండగలా అనిపించింది. అదే ఏడాది సెప్టెంబరు 1 నుంచి అక్కడి రైతుల కోసమని ఆ దేశం 60 రోజుల పాటు దిగుమతులు ఆపేసింది, తర్వాత ఇంకా పొడిగించింది. ఒప్పందంలో రాసుకోని రాయితీ ఎప్పుడైనా వెనక్కి పోవచ్చు. మంచి ఎఫ్‌టీఏ కావాలని నేను గట్టిగా కోరుకునేది ఇందుకే.

అపోహ: సుంకం సున్నా అయితే ఇక అడ్డేముంది?

మన బాస్మతి దంపుడు బియ్యానికి యూరప్‌లో ఏ ఎఫ్‌టీఏ లేని రోజుల నుంచే సున్నా సుంకం ఉంది. అయినా 2018 నుంచి దెబ్బ తగిలింది. అగ్గి తెగులుకు మన రైతులు కొట్టే ట్రైసైక్లజోల్ మందు అవశేషం కిలోకు 0.01 మిల్లీగ్రాము దాటకూడదని యూరప్ నియమం పెట్టింది. అంటే 2,000 బస్తాల్లో ఒక్క గ్రాము. ఆ సమయంలో పాకిస్తాన్ బాస్మతి మన చోటు ఆక్రమించింది. ల్యాబ్ రిపోర్ట్ ఫెయిలైతే సున్నా సుంకం ఎందుకూ పనికిరాదు. పొట్ట దశలో ఏ మందు కొట్టారో మిల్లర్‌కు తెలియాలి, మిల్లర్ రైతును అడగాలి. అడిగేవాళ్లు ఇప్పటికీ తక్కువే.

అపోహ: సర్టిఫికెట్ ఆఫ్ ఆరిజిన్ ఒక మామూలు కాగితం.

రాయితీ మొత్తం ఆ కాగితం మీదే ఆధారపడుతుంది. నిజానికి ధాన్యానికి 'మన దేశంలో పుట్టింది' అని చూపడం తేలిక, మన నేలలో పండిందే కాబట్టి. చిక్కంతా అంకెల్లో వస్తుంది. ఒకసారి ఆగ్నేయాసియాకు మొక్కజొన్న పంపాం. లోడింగ్ అయ్యాక బరువు కొంచెం తగ్గింది, ఇన్వాయిస్ మార్చి కొత్త తేదీ వేశాం. సర్టిఫికెట్‌లో పాత తేదీ అలాగే ఉండిపోయింది. అది నేను చూసుకోవాల్సింది. అక్కడి కస్టమ్స్ రాయితీ ఇవ్వలేదు, కొనుగోలుదారు పూర్తి సుంకం డిపాజిట్ కట్టి సరుకు విడిపించుకున్నాడు. సరిచేసిన సర్టిఫికెట్ చేరేదాకా ఇద్దరికీ టెన్షనే. అప్పటి నుంచి ఇన్వాయిస్, బీఎల్ (ఓడ కంపెనీ ఇచ్చే సరుకు రసీదు), సర్టిఫికెట్ మూడూ పక్కపక్కన పెట్టి, స్కేలు ఆనించి వరుస వరుసా చదవకుండా సంతకానికి పంపను.

అపోహ: ఒప్పందం ఉంటే మన ప్రభుత్వం ఎగుమతి ఆపలేదు.

2023 జులై 20న బాస్మతేతర తెల్ల బియ్యం ఎగుమతిని నిషేధించారు. యూఏఈతో మన ఒప్పందం అప్పటికే ఏడాది దాటింది, 2022 మే 1 నుంచి అమల్లో ఉంది. అయినా ఆ దేశానికి 75,000 టన్నుల ప్రత్యేక అనుమతి మాత్రమే దొరికింది, అదీ ఒక జాతీయ సహకార సంస్థ ద్వారా. నేపాల్‌కు 95,000 టన్నులు, ఒప్పందం ఉన్న మారిషస్‌కు 14,000. నిషేధం తొలగింది 2024 సెప్టెంబరు 28న. దేశంలో బియ్యం ధర పెరిగితే సామాన్యుడి కంచం ముందు, ఆ మాట ఒప్పుకుంటాను. కానీ నోటీసు రాత్రికి రాత్రి వస్తే ఏళ్లుగా నమ్మిన కొనుగోలుదారు వేరే దేశం వెతుక్కుంటాడు. నిషేధం ఎత్తేశాక పాత కొనుగోలుదారు ఒకాయనకు ఫోను చేశాను. మర్యాదగానే మాట్లాడాడు. "మళ్లీ ఆపరని మీరు రాసివ్వగలరా?" అని అడిగాడు. రాసివ్వలేకపోయాను.

అపోహ: రాయితీ వస్తే ధాన్యం ధర వెంటనే పెరుగుతుంది.

వెంటనే పెరగదు. తగ్గిన సుంకాన్ని కొనుగోలుదారు, ఎగుమతిదారు, మిల్లర్ బేరమాడి పంచుకుంటారు. ఆ దేశానికి కావాల్సిన రకాన్నే వేసి, తేమ సరిగ్గా ఆరబెట్టి, మందుల లెక్క చూపగలిగిన రైతులకే క్వింటాల్‌కు కాస్త ఎక్కువ అడిగే బలం వస్తుంది.

కొత్త దేశానికి రేటు చెప్పే ముందు 1006 తర్వాతి అంకెలు కూడా చూడండి. 100610 వడ్లు, 100620 దంపుడు బియ్యం, 100630 మిల్లు బియ్యం, 100640 నూక. ఒకే ఒప్పందంలో ఈ నాలుగింటికీ నాలుగు రకాల సుంకాలు ఉండొచ్చు.