‘నీకు విశ్వాసం చాల్లేదు’ అనేవాళ్లకీ, ఆ మాట పడ్డవాళ్లకీ: కొన్ని అపోహలు, వాస్తవాలు

గుంటూరులో పాస్టర్‌గా పనిచేస్తున్నాను. ఆసుపత్రి వార్డుల్లో నన్ను ఎక్కువగా అడిగే ప్రశ్న దేవుడున్నాడా లేడా అన్నది కాదు. “అయ్యగారూ, నా విశ్వాసం చాల్లేదా?” అని అడుగుతారు. అలా అడిగేవాళ్లంతా ఉపవాసాలున్నవాళ్లు, రాత్రంతా మోకాళ్ల మీద గడిపినవాళ్లు, చేతి గాజులు తాకట్టు పెట్టి మందులు కొన్నవాళ్లు. ఫిబ్రవరిలో గుణదల మేరీమాత కొండెక్కే తల్లి నోటా ఇదే మాట, మా సంఘంలో ఉపవాస ప్రార్థనకొచ్చే తల్లి నోటా ఇదే మాట. వాళ్ల చెవిలో ఈ అనుమానం ఎవరు వేశారో గానీ, రోగం కంటే అదే వాళ్లను ఎక్కువ తినేస్తోంది. అందుకే ముందు దీని సంగతి.

అపోహ: గట్టిగా నమ్మితే రోగం తగ్గి తీరుతుంది. తగ్గలేదంటే ఆ రోగి నమ్మకంలోనే లోపం ఉంది.

వాస్తవం: ఈ మాట చెప్పేవాళ్లు హెబ్రీయులకు రాసిన పత్రిక 11వ అధ్యాయంలో మొదటి వచనం చదివి పుస్తకం మూసేస్తారు. “విశ్వాసమనునది నిరీక్షింపబడువాటియొక్క నిజస్వరూపమును, అదృశ్యమైనవి యున్నవనుటకు రుజువునై యున్నది.” మనందరికీ కంఠతా వచ్చిన వచనమే. దయచేసి ఆ అధ్యాయం చివరిదాకా చదవండి. అబ్రాహాము, శారా వాగ్దాన ఫలం అందుకోకుండానే చనిపోయారనీ, దూరం నుంచి చూసి దానికి వందనం చేశారనీ 13వ వచనంలో ఉంది. 35వ వచనం దాటితే కొరడా దెబ్బలు తిన్నవాళ్లు, రంపాలతో కోయబడ్డవాళ్లు కనిపిస్తారు. వీళ్లకి విశ్వాసం తక్కువైందని ఆ పత్రిక ఎక్కడా అనలేదు. విశ్వాసం వల్లే వాళ్లు సాక్ష్యం పొందారంది. కంటికి కనబడనిది చేతికి రాకముందే, మాట ఇచ్చినవాణ్ణి నమ్ముకుని నిలబడ్డవాళ్ల కథలు అవి.

వెంటనే ఎవరో ఒకరు రక్తస్రావ రోగం ఉన్న స్త్రీని తీసుకొస్తారు. “నీ విశ్వాసము నిన్ను స్వస్థపరచెను” అని ప్రభువే అన్నాడు కదా అంటారు. అన్నాడు. వణికిపోతూ ఆయన కాళ్ల దగ్గర పడ్డ మనిషికి ధైర్యం చెప్పడానికి అన్నాడు. రోగంతో తన దగ్గరకొచ్చిన ఒక్క మనిషినైనా “నీ విశ్వాసం చాలక నీకు తగ్గలేదు” అని ఆయన పంపేసినట్టు నాలుగు సువార్తల్లో ఎక్కడుందో చూపించండి. నాయీనులో విధవరాలి కొడుకు పాడె మీద ఉన్నాడు, ఆమెను ఆయన అడిగిందేమీ లేదు. ముప్పై ఎనిమిదేళ్ల రోగంతో బేతెస్ద కోనేటి దగ్గర పడి ఉన్నవాడికి తనను బాగుచేసింది ఎవరో కూడా తెలియదు. మూర్ఛరోగం ఉన్న కుర్రాడి తండ్రి “నమ్ముచున్నాను, నాకు అపనమ్మకముండకుండ సహాయము చేయుము” అని కేకపెట్టాడు. సగం నమ్మకం, సగం భయం. కొడుకు బాగయ్యాడు. ఆ సందర్భంలో “మీ అల్పవిశ్వాసం” అన్న మందలింపు పడింది ఎవరికి? ఆ కుర్రాణ్ణి బాగుచేయబోయి చేతకాక నిలబడ్డ శిష్యులకి. స్టేజీ మీద మైకు పట్టుకున్నవాళ్లు ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

నేనూ రోగుల కోసం ప్రార్థిస్తాను. యాకోబు పత్రికలో చెప్పినట్టు నూనె రాసి, తల మీద చెయ్యి పెట్టి అడుగుతాను. డాక్టర్లు ఆశ వదులుకున్నవాళ్లు లేచి తిరగడం చూశాను. అంతే పట్టుదలగా ప్రార్థించినవాళ్లకి సమాధుల తోటలో ఆఖరి ప్రార్థన చేసి కూడా వచ్చాను. ఇద్దరి విశ్వాసంలో నాకు తేడా కనబడలేదు.

మా సంఘంలో ఒక అక్క ఉంది. మిరపకాయలకి తొడిమలు తీసే పనికి వెళ్తుంది. చాలా ఏళ్లుగా సుగర్. ఒక స్వస్థత కూటంలో ఆమెను ముందుకు పిలిచి ప్రార్థన చేసి, తగ్గిపోయిందని మైకులో సాక్ష్యం చెప్పించారు. తగ్గిందని అంతమంది ముందు చెప్పాక ఇంటికొచ్చి ఇన్సులిన్ వేసుకుంటే ఆ సాక్ష్యం అబద్ధమైపోదా? ఆ భయంతో మానేసింది. ఫ్రిజ్ డోరులో కోడిగుడ్ల పక్కన సీసా సీలు విప్పకుండా అలాగే ఉందని తర్వాత వాళ్లమ్మాయి చెప్పింది. కాలికి చిన్న పుండు లేచింది, మానలేదు. నేను వార్డుకి వెళ్లేసరికి రెండు వేళ్లు తీసేశారు. నన్ను చూడగానే ఆ అక్క దుప్పటి కాలి మీదకి లాక్కుని, “క్షమించండయ్యగారూ, విశ్వాసంలో నిలబడలేకపోయాను” అంది. కాలు పోగొట్టుకోబోయిన మనిషి నన్ను క్షమాపణ అడుగుతోంది! ఆ రోజు నాకొచ్చిన కోపం ఇప్పటికీ చల్లారలేదు.

మంచం పక్కన కూర్చుని రెండో కొరింథీ పత్రిక 12వ అధ్యాయం చదివాను. శరీరంలో ముల్లు తీసెయ్యమని పౌలు ముమ్మారు వేడుకున్నాడు. వచ్చిన జవాబు “నా కృప నీకు చాలును” అని. ఆమె కాసేపు ఊరుకుని, “అయితే పౌలు గారికీ తీసెయ్యలేదా అయ్యగారూ?” అంది. లేదక్కా, తీసెయ్యలేదు అన్నాను. తన తోటి సేవకుడు త్రోఫిము జబ్బుపడితే అతన్ని మిలేతులో వదిలి రావాల్సి వచ్చిందని ఆ పౌలే రాశాడు. తిమోతి కడుపు జబ్బుకి కొంచెం ద్రాక్షారసం పుచ్చుకోమన్నాడు, విశ్వాసం పెంచుకోమనలేదు. హిజ్కియా రాజుకి దేవుడు ఇంకా పదిహేనేళ్లు ఆయుష్షు ఇస్తానన్నాక కూడా, అంజూరపు పండ్ల ముద్ద పుండుకి కట్టమన్నది ప్రవక్త యెషయాయే. మందు వాడితే వాగ్దానానికి అవమానం అని ఆయనకి తోచలేదు.

మిగతావి గబగబా చెప్పేస్తాను.

అపోహ: విశ్వాసి ఏడవకూడదు. వాస్తవం: చనిపోయిన లాజరును కాసేపట్లో లేపబోతూ కూడా యేసు కన్నీళ్లు విడిచాడు. నిరీక్షణ లేనివాళ్లలా దుఃఖపడొద్దని థెస్సలొనీకయులకి పౌలు రాశాడు, అసలు దుఃఖపడొద్దని కాదు. భూస్థాపన దగ్గర తల్లిని “ఊరుకో, సాక్ష్యం పోతుంది” అని గదమాయించే పెద్దలు కాస్త పక్కకి జరిగితే మంచిది.

అపోహ: సందేహం వచ్చిందంటే రక్షణ పోయినట్టే. వాస్తవం: యేసు తిరిగి లేచాడంటే చూస్తే గానీ నమ్మనన్న తోమాను శిష్యులు వెలివేయలేదు, ప్రభువూ వెలివేయలేదు. ఎనిమిది దినాల తర్వాత వచ్చి చేతులు చూపించాడు. సందేహంతో నిద్రపట్టని పిల్లలూ, టెన్షన్ పడకండి. వచ్చి అడగండి.

అపోహ: పరలోకం చూసొచ్చామని వీడియోలు పెట్టేవాళ్లు, ప్రభువు రెండో రాకడ తేదీ చెప్పేవాళ్లు గొప్ప విశ్వాసులు. వాస్తవం: పరదైసులో, అంటే పరలోకంలో, విన్న మాటలు మనుషులు పలకకూడనివని చెప్పి పౌలు నోరు కట్టుకున్నాడు. ఆ దినం, ఆ గడియ తండ్రికి తప్ప ఎవరికీ తెలియదని ప్రభువే చెప్పాడు. ఇక దీని మీద మాట్లాడటానికేముంది? వాట్సాప్‌లో ఫార్వర్డ్ చేయడం మానండి.

అపోహ: నిత్యమైనవాటిని నమ్మేవాడికి ఈ ఒంటితో, ఈ లోకంతో పని లేదు. వాస్తవం: “దృశ్యమైనవి అనిత్యములు, అదృశ్యమైనవి నిత్యములు” అని రాసిన పత్రికలోనే, నాలుగు అధ్యాయాల తర్వాత, పౌలు యెరూషలేము పేదల కోసం చందా పోగుచేస్తూ కనిపిస్తాడు. అంత దూరం ఎందుకు, మన గుంటూరే చూడండి. డాక్టర్ అన్నా కుగ్లర్ 1883లో ఇక్కడికొచ్చింది. ఆడవాళ్ల కోసం, పిల్లల కోసం ఆమె కట్టించిన ఆసుపత్రి 1898లో తెరిచారు. 1930లో ఈ ఊళ్లోనే కన్నుమూసింది. పరలోకాన్ని నమ్మిన ఆ మనిషి జీవితమంతా పురుళ్లు పోస్తూ, ఆపరేషన్లు చేస్తూ గడిపింది. మందు అవిశ్వాసమైతే ఆమె సేవను ఏమనాలి?

ప్రార్థన చేయించుకున్నాక మాత్రలు మానేసినవాళ్లు ఇది చదువుతుంటే ఈరోజే డాక్టరుకి చూపించుకోండి. చిన్నతనంలోనే వచ్చే టైప్ 1 సుగర్ ఉన్న పిల్లలకి ఇన్సులిన్ ఆపితే ఒకట్రెండు రోజుల్లోనే ప్రాణం మీదకొస్తుంది. టీబీ మందులు మధ్యలో వదిలేస్తే ఆ క్రిమి తర్వాత అవే మందులకి లొంగకపోవచ్చు. ఫిట్స్ మాత్రలు ఒక్కసారిగా ఆపితే ఫిట్స్ మళ్లీ ముంచుకొచ్చే ప్రమాదం ఉంది. నిజంగానే తగ్గి ఉంటే పరీక్షలో తెలుస్తుంది, డాక్టరే మోతాదు తగ్గిస్తారు, అప్పుడు సాక్ష్యం చెబుదురు గానీ. మానేశామని చెబితే డాక్టరు తిడతారని భయమైతే మీ పాస్టర్‌ని తోడు రమ్మనండి. రావడం ఆయన పనే. ఆ అక్కని కాలి కట్టు మార్పించడానికి ఈ గురువారం మా అమ్మగారు తీసుకెళ్తున్నారు.