నరసింహస్వామి రూపం: ఒక శిల్పి రోజూ వినే అపోహలు

నరసింహస్వామి విగ్రహం కావాలని వచ్చినవాళ్లు రాయి గురించి అడగరు, కొలత గురించి అడగరు, ముందు అడిగేది ఒకటే: "ఉగ్రమూర్తి కదండీ, ఇంట్లో ఉండొచ్చా?" ఆ భయం ఎంత అనవసరమో చెప్పాలనే ఇది రాస్తున్నాను.

అపోహ: నరసింహుడంటే ఉగ్రరూపమే.

వాస్తవం: హిరణ్యకశిపుణ్ణి ఒడిలో వేసుకుని చీల్చే ఘట్టం ఆయన రూపాల్లో ఒకటి, అంతే. అహోబిలంలో తొమ్మిది రూపాలు, తొమ్మిది పేర్లు. జ్వాలా నరసింహుడు రాక్షసుణ్ణి సంహరిస్తుంటాడు, మాలోలుడేమో లక్ష్మీదేవితో ప్రశాంతంగా కూర్చుని ఉంటాడు ('మా' అంటే లక్ష్మి, ఆమె మీద మనసున్నవాడు మాలోలుడు), ఇక ఛత్రవట నరసింహుడు గంధర్వుల పాటకు తాళం వేస్తున్నాడని చెబుతారు. 'ఉగ్రం వీరం మహావిష్ణుం' శ్లోకం చదివేవాళ్లు కూడా ఆ మొదటి మాట దగ్గరే ఆగిపోతున్నారు, అందులోనే 'భీషణం' పక్కన 'భద్రం' ఉంది! అసలు భయపడాల్సిన దేవుడే అయితే మన పెద్దలు పిల్లలకు నరసింహులు, నరసయ్య, నరసమ్మ అని అంత ముద్దుగా పేర్లు పెట్టుకునేవాళ్లా?

అపోహ: హంపిలోది ఉగ్ర నరసింహుడు.

ఇది విన్నప్పుడల్లా నాకు బాధేస్తుంది. 1528లో శ్రీకృష్ణదేవరాయల కాలంలో చెక్కిన ఆ 6.7 మీటర్ల ఏకశిలా మూర్తి లక్ష్మీనరసింహుడు. ఎడమ తొడ మీద అమ్మవారు ఉండేది, విగ్రహాన్ని పగలగొట్టినప్పుడు ఆమె పోయింది, స్వామి నడుం చుట్టూ వేసిన ఆమె చెయ్యి మాత్రం వెనకవైపు మిగిలింది. ఈసారి వెళ్తే ముందునుంచి ఫోటో తీసుకుని వచ్చేయకండి, ఆ చెయ్యి గురించి తెలుసుకుని చూడండి, ఆ ముఖం మీకు వేరేగా కనిపిస్తుంది.

అపోహ: యోగ నరసింహుడి మోకాళ్ల చుట్టూ ఉన్నది తాడు, ఆయన కోపాన్ని కట్టేశారు.

కాదు. అది యోగపట్టం, ధ్యానంలో కాళ్లు కదలకుండా నిలిపే పట్టీ.

అపోహ: సింహం తల, మనిషి ఒళ్లు, మొదటినుంచీ ఇంతే.

వాస్తవం: గుంటూరు ప్రాంతంలోని కొండమోటులో దొరికిన చాలా పాత ఫలకంలో ఆయన పూర్తిగా సింహమే, కాకపోతే గద, చక్రం పట్టుకున్న రెండు మనిషి చేతులు అదనంగా ఉంటాయి. ఆ పక్కన వృష్ణి వీరులు, అంటే కృష్ణుడి వంశంవాళ్లు, ఐదుగురు. ఆ చేతుల్ని సింహం ఒంటికి ఎలా అతికించాలా అని ఆనాటి శిల్పి ఎంత ఆలోచించి ఉంటాడో అని నేను చాలాసార్లు అనుకున్నాను.

సింహాచలంలో ఉన్నది శివలింగం అనే మాట కూడా వింటుంటాను. చందనం పూతతో అలా కనిపిస్తుంది గానీ లోపల వరాహ నరసింహమూర్తి, అక్షయ తృతీయనాడు నిజరూపం చూడొచ్చు.

అందుకే విగ్రహం చేయించుకునేటప్పుడు "నరసింహుడు" అని ఊరుకోకుండా ఏ నరసింహుడో చెప్పండి. దాన్నిబట్టి ధ్యానశ్లోకం (ఆ మూర్తి ఎలా ఉండాలో చెప్పే శ్లోకం) మారుతుంది, చేతులు, కూర్చునే తీరు, నోరు ఎంత తెరవాలన్నది కూడా మారుతుంది, రాయి మీద ఉలి పెట్టాక మళ్లీ మార్చడం కుదరదు.