పాట వినకుండా పేరు పెట్టొద్దు: మెకోపొడా మీద అపోహలు - వాస్తవాలు

వానలు పడ్డాక రాత్రిపూట పర్లాకిమిడి శివార్లలో, మహేంద్రతనయ నది ఒడ్డు పొదల్లో టార్చి పట్టుకుని తిరగడం నా పని. కీటకాల వర్గీకరణ చేస్తాను. మిడతలా కనిపించే, పొడుగు మీసాల, రాత్రిపూట కూసే పురుగు మెకోపొడా. దాని గురించి దారిలో ఎదురయ్యేవాళ్లు చెప్పే మాటలే ఇవి.

అపోహ: "ముట్టుకోకండి బాబూ, దాని కొండిలో విషం ఉంది."

వాస్తవం: ఆడదాని వెనక ఉన్నది కొండి కాదు, మట్టిలో దించి గుడ్లు పెట్టే కత్తి. మగదానికి అది ఉండదు. గట్టిగా పట్టుకుంటే కొరుకుతుంది, అంతే.

అపోహ: మిడత, ఇలకోడి, ఇది అన్నీ ఒకటే.

వాస్తవం: మీసాలు చూడండి. మిడతకు పొట్టివి. ఇలకోడికీ దీనికీ ఒంటికంటే పొడుగు. ఆ రెండింటికీ తేడా పాదంలో దొరుకుతుంది: దీనికి నాలుగు కణుపులు, ఇలకోడికి మూడు. చెవులు ముంగాళ్ల మోకాళ్ల కింద ఉంటాయి. పిల్లలకు భూతద్దంలో ఆ చెవి చూపిస్తే వాళ్ల మొహాలు వెలిగిపోతాయి!

అపోహ: కాళ్లు రుద్దుకుని అరుస్తుంది.

వాస్తవం: రెక్కలతో. ఎడమ రెక్క అడుగున ఆకురాయి పళ్లలాంటి వరుస ఉంటుంది, కుడి రెక్క అంచు దాన్ని గీరుతుంది. ఇలకోడికి మామూలుగా కుడి రెక్క పైన ఉంటుంది, దీనికి ఎడమది.

అపోహ: పచ్చది ఒక జాతి, గోధుమరంగుది ఇంకొకటి.

వాస్తవం: ఒకే జాతిలో రెండు రంగులూ ఉంటాయి.

అపోహ: సూదికి గుచ్చి పెట్టెలో పెడితే జాతి తేలిపోతుంది.

వాస్తవం: నేనూ చాలాకాలం ఇలాగే నమ్మాను. స్వీడన్ శాస్త్రవేత్త లిన్నేయస్ 1758లో ఈ పురుగుకు 'ఎలాంగేటా' అని పేరు పెట్టాడు. ఫ్రెంచి కీటక శాస్త్రవేత్త సెర్విల్ 1831లో మెకోపొడా అనే ప్రజాతిని, అంటే దగ్గరి జాతుల గుంపును, ఏర్పరచాడు; ఈ పురుగు ఇప్పుడు అందులోదే. పొడుగు కాళ్లది అని ఆ మాటకు అర్థం. అప్పటినుంచి మన దగ్గర దొరికిన ప్రతిదానికీ అదే చీటీ. 2006లో బెంగళూరు భారతీయ విజ్ఞాన సంస్థ పరిశోధకులు దక్షిణ భారతంలో ఈ ప్రజాతి మగవాటి పాటలు విన్నారు. అయిదు రకాలు తేలాయి. ఒకటి రైలులా, ఒకటి హెలికాప్టర్‌లా ఉందని ఆ పేర్లే పెట్టారు. ఒంటి కొలతలతో మాత్రం వాటిని విడదీయలేకపోయారు. ఆడవి జత ఎంచుకునేది ఆ పాట విని. మనం మాత్రం పాట పోయాక, ఎండిన ఒంటిని కొలుస్తున్నాం.

కిందటేడు ఒక కుర్రాడు స్పిరిట్ సీసాలో అందమైన మగదాన్ని తెచ్చాడు. చీటీ మీద ఊరు, తేదీ ఉన్నాయి. ఎలా కూసింది నాయనా అంటే, గుర్తులేదు మాష్టారూ అన్నాడు. ప్రజాతి పేరు రాసి, పక్కన ఖాళీ వదిలేశాను.

కాబట్టి వల వేసేముందు రెండు నిమిషాలు ఫోన్‌లో రికార్డు చేయండి. చాలా ఫోన్లకు అందని పైస్థాయి ధ్వనులు ఇందులో ఉన్నా, కూత వరుస మాత్రం నిలుస్తుంది. ఆ వేళ ఎంత వేడిగా ఉందో కూడా రాయండి, వేడితోపాటు కూత వేగం మారుతుంది. కాళ్లు పట్టి లాగకండి, ఊడిపోతాయి. పెద్దదానికి మళ్లీ మొలవవు.