ఒకే భవనం, మూడు తరగతి గదులు: ఆర్కిటెక్చర్ చదువు ఎలా విడిపోయింది

విజయవాడలోని స్కూల్ ఆఫ్ ప్లానింగ్ అండ్ ఆర్కిటెక్చర్‌లో ఒకే ప్రాంగణంలో భవనాన్ని మూడు రకాలుగా చదువుతారు. బి.ఆర్క్ విద్యార్థులు ఐదేళ్లపాటు దాని రూపకల్పన నేర్చుకుంటారు. సస్టైనబుల్ ఆర్కిటెక్చర్‌లో ఎం.ఆర్క్ చేసేవారు ఆ భవనం ఎండకు ఎంత వేడెక్కుతుందో, చల్లబరచడానికి ఎంత కరెంటు కావాలో, నీటిని ఎలా వాడుకుంటుందో లెక్కిస్తారు. బిల్డింగ్ ఇంజినీరింగ్ అండ్ మేనేజ్‌మెంట్‌లో పీజీ చేసేవారు దాన్ని ఎంత గడువులో, ఎంత ఖర్చుతో, ఏ వరుసలో కట్టాలో తేలుస్తారు. ఈ మూడూ ఒక్క ఇంటికి సంబంధించిన ప్రశ్నలే అయినా దేశంలోని చాలా కాలేజీల్లో వీటిని వేర్వేరు సెమిస్టర్లలో, వేర్వేరు డిగ్రీల్లో, వేర్వేరు నియంత్రణ సంస్థల కింద చెబుతారు. స్టూడియోలో, అంటే రూపకల్పన సాధన చేసే తరగతిలో, ప్లాను ఖాయమై, మార్కులు వేసే జ్యూరీ ముందు షీట్లు అంటించే వేళకు గాని పడమటి గోడ వేడి సంగతి గుర్తుకు రాదు. ఖర్చు మాట అప్పటికీ రాదు. ఈ ఎడబాటుకు ఏ ఒక్క కాలేజీనో, ఏ ఒక్క అధ్యాపకుణ్నో తప్పుపట్టలేం. దీని వెనుక దాదాపు రెండు వందల ఏళ్ల చరిత్ర ఉంది.

కాలేజీలు రాకముందు ఈ మూడు పనులూ ఒక్క మేస్త్రీ చేతిలో, లేదా మేస్త్రీ, వడ్రంగి ఇద్దరి చేతుల్లో ఉండేవి. గోదావరి జిల్లాల మండువా లోగిలిలో నడిమి వాకిలి వాననీటిని దించుకుంటూ, వేడిగాలిని పైకి పంపేది. రాయలసీమ మిద్దెలకు మందపాటి రాతి గోడలు, పైన మట్టి కప్పు ఉండేవి కాబట్టి పగటి ఎండ లోపలికి చేరేసరికి పొద్దు వాలిపోయేది. ఉత్తరాంధ్ర తీరంలో చుట్టిల్లు గుండ్రంగా ఉండి, దాని తాటాకు కప్పు నేలకు దగ్గరగా వంగి ఉండటం వల్ల తుపాను గాలికి పట్టు దొరికేది కాదు. ఏ రాయి ఎక్కడ దొరుకుతుందో, గానుగ సున్నం ఎన్నాళ్లు నానాలో, వానలు పడేలోగా కప్పు వేయాలంటే ఎంతమంది కూలీలు కావాలో ఆ మేస్త్రీకే తెలిసేది. ఆ రోజులను నెత్తికెత్తుకోవాలని నేను అనడం లేదు. ఆ విద్య కులాల గోడల మధ్యే ఉండిపోయింది, కాగితం మీదకు రాలేదు, పెద్ద ఆస్పత్రికో రైల్వే స్టేషనుకో అది చాలేది కాదు. అయినా రూపం, వాతావరణం, ఖర్చు అనే మూడు లెక్కలు అక్కడ ఒకే బుర్రలో నడిచేవన్నది మాత్రం నిజం.

బ్రిటిష్ పాలన వాటిని విడదీసింది. మద్రాసు దగ్గర గిండీలో 1794లో సర్వే స్కూలుగా మొదలైన సంస్థ తర్వాత ఇంజినీరింగ్ కాలేజీ అయింది. రూర్కీలో 1847లో మరొకటి వెలిసింది. 1850ల మధ్యలో డల్హౌసీ హయాంలో పబ్లిక్ వర్క్స్ విభాగం ఏర్పడ్డాక ఈ కాలేజీల ప్రధాన లక్ష్యం ఆ విభాగానికి కావలసిన మనుషులను తయారుచేయడమే. ఎస్టిమేటు, టెండరు, మస్టర్ రోలు, కొలతల పుస్తకం, అంటే నేటికీ ఇంజినీర్లు ఎం.బుక్ అని పిలుచుకునేది, ఇవన్నీ ఆ విభాగపు అలవాట్లు. కట్టడం ఎలా ఉండాలనే దానికన్నా లెక్క ఎలా చెప్పాలనేదే అక్కడ ముఖ్యం.

రూపకల్పన మరో దారిన వచ్చింది. బొంబాయిలో 1857లో మొదలైన జె.జె. స్కూల్ ఆఫ్ ఆర్ట్ చిత్రలేఖనం, శిల్పం, చేతివృత్తులు నేర్పే బడి. ఆ నగరంలో పనిచేసే ఆర్కిటెక్టుల కార్యాలయాలకు నక్షలు గీసే సహాయకులు కావలసి వచ్చినప్పుడు ఆ తరగతులూ అక్కడే మొదలై, 20వ శతాబ్ది తొలి దశకాల్లో పూర్తిస్థాయి ఆర్కిటెక్చర్ విభాగంగా ఎదిగాయి. అక్కడ చదివిన విద్యార్థులు 1917లో పెట్టుకున్న సంఘమే 1929 నాటికి ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఆర్కిటెక్ట్స్‌గా మారింది. చాలా కాలం ఆ స్కూలుకు నాయకత్వం వహించిన క్లాడ్ బాట్లీ విద్యార్థుల చేత పాత భారతీయ కట్టడాలను కొలిపించి గీయించారు. అది మంచి పని. అయినా ఆర్కిటెక్చర్ ఆర్ట్ స్కూలులో, నిర్మాణం ఇంజినీరింగ్ కాలేజీలో పుట్టాయన్న వాస్తవం ఆ తర్వాతి వందేళ్లనూ శాసించింది.

హైదరాబాద్ సంస్థానంలోనూ ఇదే జరిగింది, కాకపోతే అక్కడ అవసరం మరింత పదునుగా వచ్చింది. 1908 సెప్టెంబరులో మూసీ వరద నగరాన్ని ముంచెత్తాక మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించి వరద నివారణ పథకాలు వేయించారు. 1912లో సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు ఏర్పడింది. ఉస్మానియా విశ్వవిద్యాలయం కట్టడానికి జైన్ యార్ జంగ్, సయ్యద్ అలీ రజా అనే ఇద్దరిని విదేశీ విశ్వవిద్యాలయాలు చూసి రమ్మని పంపారు, బెల్జియం నుంచి ఎర్నెస్ట్ జాస్పర్‌ను రప్పించారు. 1939లో ప్రారంభమైన ఆర్ట్స్ కాలేజీ భవనం ఆ కృషి ఫలితం. ఇంత పని జరిగిన నగరంలో ఇంజినీరింగ్ చదువు 1929లో ఉస్మానియాలో మొదలైతే, కళలకు 1940లో వేరే బడి వచ్చింది. ఆర్కిటెక్చర్ ఆ రెండో బడి గూటికే చేరి, కాలక్రమంలో ప్రభుత్వ ఫైన్ ఆర్ట్స్ అండ్ ఆర్కిటెక్చర్ కాలేజీగా నిలిచింది.

1972 ఈ కథలో పెద్ద మలుపు. ఆ ఏడాది సెప్టెంబరు 1న ఆర్కిటెక్టుల చట్టం అమల్లోకి వచ్చి, ఆర్కిటెక్చర్ చదువును, వృత్తిని నియంత్రించే కౌన్సిల్ ఆఫ్ ఆర్కిటెక్చర్‌కు దారి వేసింది. నెల తర్వాత అక్టోబరు 2న కాకినాడ, అనంతపురం, హైదరాబాద్ ఇంజినీరింగ్ కాలేజీలను, ఈ ఫైన్ ఆర్ట్స్ అండ్ ఆర్కిటెక్చర్ కాలేజీని కలిపి జవహర్‌లాల్ నెహ్రూ టెక్నలాజికల్ యూనివర్సిటీ ఏర్పాటు చేశారు. సివిల్ ఇంజినీరూ ఆర్కిటెక్టూ ఒకే విశ్వవిద్యాలయం కింద చదివే అవకాశం మనకు అలా చేతికి అందింది. అది 36 ఏళ్లు నిలిచింది. 2008లో జేఎన్‌టీయూను విభజించినప్పుడు ఇంజినీరింగ్ కాలేజీలు హైదరాబాద్, కాకినాడ, అనంతపురం విశ్వవిద్యాలయాలయ్యాయి; ఆర్కిటెక్చర్ మాత్రం చిత్రకళ, శిల్పకళలతో కలిసి జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్ అండ్ ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీగా విడిపోయింది. విజయవాడ స్కూలు పుట్టిందీ అదే ఏడాది. ఆర్కిటెక్చర్‌కు సొంత విశ్వవిద్యాలయం రావడం గౌరవమే అయినా, చేతికందిన కలయిక అక్కడ జారిపోయిందని నా అభిప్రాయం.

వాతావరణం సిలబస్‌లోకి వచ్చిన తీరు మరీ చుట్టుదారి. జర్మనీ నుంచి వచ్చిన ఆటో కోనిగ్స్‌బర్గర్ 1939లో మైసూరు సంస్థానంలో ఆర్కిటెక్టుగా చేరి, స్వాతంత్ర్యం వచ్చాక కేంద్ర ప్రభుత్వంలో గృహనిర్మాణ బాధ్యతలు చూశారు. 1953లో లండన్‌లో ఉష్ణమండల ఆర్కిటెక్చర్ మీద ఒక సదస్సు జరిగింది. దానికి చొరవ చూపినది మాంచెస్టర్‌లో చదువుతున్న అడెడోకున్ అడెయెమి అనే నైజీరియా విద్యార్థి. ఇంగ్లండు చలికి పనికొచ్చే పాఠం తన దేశపు ఎండకు పనికిరాదన్నది ఆయన బాధ. మరుసటి ఏడాదే లండన్‌లోని ఆర్కిటెక్చరల్ అసోసియేషన్ స్కూలులో ఉష్ణమండల విభాగం మొదలైంది, తర్వాత దానికి కోనిగ్స్‌బర్గర్ అధిపతి అయ్యారు. ఆయన సహరచయితలతో రాసిన పాఠ్యపుస్తకం ఇప్పటికీ మన కాలేజీల్లో వాతావరణానికి తగ్గ కట్టడం గురించి చెప్పే క్లైమటాలజీకి ఆధారం. మైసూరు ఎండలో పనిచేసిన మనిషి అనుభవం లండన్ వెళ్లి, పుస్తకమై మన దగ్గరకు తిరిగివచ్చిందన్నమాట.

అలా వచ్చిన క్లైమటాలజీ మొదటి ఒకటి రెండేళ్లలో చెప్పే ఒక థియరీ పేపరుగా స్థిరపడింది. అది స్టూడియోలోకి రాకపోతే ఏం పోతుందో ఒక్క ఉదాహరణ చాలు. హైదరాబాద్ 17.4 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. మే 9 ప్రాంతంలో మధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వస్తాడు, నిలబెట్టిన కర్రకు నీడ పడదు. అక్కడి నుంచి ఆగస్టు మొదటి వారం దాకా మిట్టమధ్యాహ్నపు సూర్యుడు నడినెత్తికి ఉత్తరంగానే ఉంటాడు. అంటే మండు వేసవిలో దక్షిణపు గోడకు ఎండ అంతగా తగలదు. కాల్చేది పైకప్పు, తూర్పు గోడ, అన్నిటికన్నా పడమటి గోడ. నాలుగైదు అంగుళాల కాంక్రీటు స్లాబు పగలంతా వేడిని పీల్చుకుని రాత్రి పడకగదిలోకి వదులుతుంది. దక్షిణాన పెద్ద అద్దం పెట్టి ఎండను లోపలికి ఆహ్వానించమనే చలిదేశపు సూత్రాన్ని బట్టీపట్టిన విద్యార్థికి ఈ విషయం పరీక్ష పేపరులో కాదు, గీత గీసే క్షణంలో గుర్తుకు రావాలి.

నిర్మాణ నిర్వహణ చదువు గురించి తక్కువలో చెప్పుకోవచ్చు. పనుల వరుసలో ఏది ఆలస్యమైతే మొత్తం గడువు జారుతుందో చూపే సి.పి.ఎం., పెర్ట్ పద్ధతులు 1950ల చివర అమెరికాలో రసాయన కర్మాగారాల, నౌకాదళ క్షిపణుల పనుల్లో పుట్టి, మన సివిల్ ఇంజినీరింగ్ సిలబస్‌లోకి వచ్చాయి. 1983లో నిర్మాణ రంగమే పూనుకుని నిర్మాణ నిర్వహణ నేర్పే నిక్మార్‌ను నెలకొల్పింది. పుణేతో పాటు దానికి హైదరాబాద్‌లోనూ ప్రాంగణం ఉంది. పెద్ద ప్రాజెక్టులు నడిపే నేర్పు ఈ చదువు వల్ల పెరిగింది. కానీ నక్ష చేతికి వచ్చాక మొదలయ్యే చదువు ఇది. నక్షనే మార్చాల్సిన సందర్భంలో మాట్లాడే చోటు దీనికి దక్కలేదు.

సుస్థిర నిర్మాణం అనే మాటకు బలం వచ్చింది చట్టం వైపు నుంచి. 2001లో ఇంధన పొదుపు చట్టం వచ్చింది. హైదరాబాద్ కొండాపూర్‌లో కట్టిన సీఐఐ సోహ్రాబ్జీ గోద్రెజ్ గ్రీన్ బిజినెస్ సెంటర్ 2003లో హరిత భవనాలకు ఇచ్చే లీడ్ ప్లాటినం గుర్తింపు పొందింది. అమెరికా వెలుపల ఆ గుర్తింపు పొందిన తొలి భవనం అదే. 2004లో రాష్ట్రపతి అబ్దుల్ కలాం దాన్ని ప్రారంభించారు. నడుమ ఆరుబయలు వాకిలి, జాలీ గోడలు, గాలి గోపురాలు, మొక్కలు పెంచిన పైకప్పు ఉన్న ఆ కట్టడాన్ని చూస్తే మండువా గుర్తుకు రాక మానదు. అయితే అదే కాలంలో, 1998లో సైబర్ టవర్స్ మొదలైనప్పటి నుంచి, దాని చుట్టుపక్కలే అద్దాల మేడలు వరుసగా లేచాయి. మంచి నమూనా కళ్లెదుట ఉన్నా అది మామూలు పద్ధతి కావడానికి చదువు, చట్టం రెండూ కావాలని ఆ ప్రాంతమే చెబుతోంది.

2007లో ఇంధన పొదుపు భవన నియమావళి, అందరూ ఈసీబీసీ అనేది, వచ్చింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 2014 జనవరిలో దాన్ని అమల్లోకి తెచ్చింది. సూచించిన కొలతల పద్ధతిలో గోడ విస్తీర్ణంలో కిటికీల వాటా 60 శాతం దాకా ఉండొచ్చని మొదటి నియమావళి అంటే, 2017 నాటి సవరణ దాన్ని 40 శాతానికి దించింది. ఇళ్ల కోసం 2018లో వచ్చిన ఎకో నివాస్ సంహిత, చలి ప్రాంతాలు మినహా, గోడలూ కిటికీల గుండా లోపలికి వచ్చే వేడికి చదరపు మీటరుకు 15 వాట్ల పరిమితి పెట్టింది. తెలంగాణ 2023లో కూల్ రూఫ్ విధానం ప్రకటించి, ప్రభుత్వ, వాణిజ్య భవనాలకూ 600 చదరపు గజాలు, ఆపైన స్థలాల్లోని ఇళ్లకూ చల్లని పైకప్పును తప్పనిసరి చేసింది. ఇవి నినాదాలు కావు, అంకెలు. ప్లాను గీసేటప్పుడే ఈ అంకెలు చేతిలో లేకపోతే, అనుమతుల దశలో కిటికీలు కోసి అతికించడం తప్ప మార్గం ఉండదు.

చదువును ఎవరు నియంత్రించాలన్న తగాదా ఈలోగా సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. ఆర్కిటెక్చర్ చదువుకు సాంకేతిక విద్యను నియంత్రించే ఏఐసీటీఈ నిబంధనలు కాదు, కౌన్సిల్ ఆఫ్ ఆర్కిటెక్చర్ నిబంధనలే వర్తిస్తాయని 2019 నవంబరులో న్యాయస్థానం తేల్చింది. దాంతో ఒక అయోమయం తొలగినా గోడ మరింత గట్టిపడింది, ఎందుకంటే సివిల్ ఇంజినీరింగ్, అందులోని నిర్మాణ నిర్వహణ ఏఐసీటీఈ వైపే ఉండిపోయాయి. కౌన్సిల్ 2020లో 1983 నాటి కనీస ప్రమాణాలను మార్చి కొత్తవి తెచ్చింది. అందులో వృత్తిపరమైన ప్రధాన విషయాలు ఒక వర్గం, భవన విజ్ఞానమూ అనువర్తిత ఇంజినీరింగూ మరో వర్గం, ఐచ్ఛికాలు ఇంకో వర్గం. పాలనకు ఈ విభజన సులువే. అయితే స్టూడియో ఒక వర్గంలోనూ వేడి లెక్క ఇంకో వర్గంలోనూ ఉన్నప్పుడు, ఆ రెంటినీ ఒకే షీటు మీదికి తెచ్చే పని ఆయా కాలేజీల అధ్యాపకుల పట్టుదల మీదే ఆధారపడుతుంది. కొందరు ఆ పని చేస్తున్నారు. క్రెడిట్ల లెక్క మాత్రం వారికి సాయపడదు.

2022లో ఇంధన పొదుపు చట్టాన్ని సవరించారు. నియమావళి పేరులోనే సుస్థిరత అనే మాట చేరింది. కనీసం 100 కిలోవాట్ల లోడు ఉన్న నివాస భవన సముదాయాలు కూడా దాని పరిధిలోకి వచ్చాయి, ఆ పరిమితిని ఇంకా తగ్గించుకునే అధికారం రాష్ట్రాలకు దక్కింది. కరెంటు పొదుపుతో పాటు ఇతర హరిత ప్రమాణాలనూ చట్టం అడుగుతోంది కాబట్టి ఇక దృష్టి సిమెంటు, ఉక్కు, ఇటుకల తయారీలో వెలువడే కర్బనం మీదికీ మళ్లక తప్పదు. ప్రపంచ కార్బన్ డయాక్సైడ్ ఉద్గారాల్లో సుమారు 7 నుంచి 8 శాతం సిమెంటు తయారీ నుంచే వస్తోంది. ఆ లెక్క వేయడానికి కొత్త సబ్జెక్టు అక్కర్లేదు. ఎన్ని ఘనమీటర్ల కాంక్రీటు, ఎన్ని టన్నుల స్టీలు, ఎన్ని వేల ఇటుకలు అని రాసుకునే ఎస్టిమేషన్ షీటు ప్రతి కాలేజీలోనూ ఉంది. దానిలో రూపాయల వరుస పక్కన కర్బనం వరుస ఒకటి చేర్చాలి. స్లాబు మందం తగ్గించడానికి స్తంభాల దూరం మార్చాలని ఆ షీటు చూపిన రోజున, నిర్వహణ చదివే విద్యార్థి రూపకల్పన చేసే విద్యార్థి బల్ల దగ్గరకు రావాల్సి ఉంటుంది, అదీ ప్లాను ఖాయం కాకముందే. విజయవాడలో ఆ రెండు బల్లలూ ఇప్పటికే ఒకే ప్రాంగణంలో ఉన్నాయి.