అడవి ఆముదం డీజిల్ కథ

ఊరి చివర కంచెల్లో ఈ చెట్టును చూసే ఉంటారు. కాడను సగం విరిచి ఊదితే, ఊరే పాలపొరలోంచి బుడగలు లేస్తాయి. చిన్నప్పుడు మాకు అదే ఆట. అడవి ఆముదం అంటాం, కొన్నిచోట్ల నేపాళం అంటారు. పుస్తకాల్లో పేరు జట్రోఫా. మెక్సికో, మధ్య అమెరికా ప్రాంతాల్లో పుట్టి, పోర్చుగీసు వాళ్ల ఓడలెక్కి ఆఫ్రికా, ఆసియాలకు వచ్చింది.

గింజ బరువులో దాదాపు మూడో వంతు నూనే. అది చిక్కగా ఉంటుంది కాబట్టి నేరుగా పోస్తే ఇంజన్‌కు మంచిది కాదు. మిథనాల్, కాస్త కాస్టిక్ సోడా కలిపి వేడిచేస్తే గ్లిజరిన్ అడుగుకు దిగి, పైన బయోడీజిల్ తేలుతుంది.

2003లో ప్రణాళికా సంఘం కమిటీ ఈ మొక్క మీద పెద్ద ఆశే పెట్టుకుంది. 2011-12 నాటికి డీజిల్‌లో 20 శాతం బయోడీజిల్ కలపాలన్నది లక్ష్యం. నీళ్లు అక్కర్లేదు, మేకలు ముట్టవు, బీడు భూమి చాలు అన్నారు. ఆ లక్ష్యానికి దరిదాపుల్లోకి కూడా వెళ్లలేకపోయాం.

నీళ్లు లేకపోయినా మొక్క బతికిన మాట నిజమే. కానీ బతకడం వేరు, కాయడం వేరు. గింజలు బాగా రావాలంటే దీనికీ తడి కావాలి, ఎరువు కావాలి. పైగా వరిలా, వేరుశనగలా తరతరాలుగా ఏరి ఏరి మచ్చిక చేసుకున్న పంట కాదు, ఇంకా అడవి మొక్కే. పూగుత్తిలో మగపూలే ఎక్కువ, కాయలయ్యే ఆడపూలు కొన్నే. ఒక గుత్తి చేతిలోకి తీసుకుని చూడండి: ఒక కాయ పచ్చగా, పక్కది పసుప్పచ్చగా, ఇంకోటి ఎండి నల్లగా. అన్నీ ఒకేసారి పండవు. అంటే అదే చెట్టు దగ్గరకు మళ్లీ మళ్లీ వెళ్లి చేత్తో కోయాలి. ఆ కూలి లెక్కలోనే రైతు మునిగిపోతాడు. వేరుశనగ చెక్కలా, నూనె తీశాక మిగిలే దీని చెక్కను పశువులకు పెట్టే వీలూ లేదు, విషం. ఎరువుగా వేసుకోవాల్సిందే. గింజలు తిన్న పిల్లలు వాంతులతో ఆసుపత్రి పాలైన సంఘటనలు ఎన్నో ఉన్నాయి.

నూనెలో మాత్రం లోపం లేదు. 2018 ఆగస్టు 27న డెహ్రాడూన్ నుంచి ఢిల్లీకి స్పైస్‌జెట్ విమానం ఈ నూనెతో చేసిన ఇంధనం కొంత కలుపుకుని ఎగిరింది.

నా మటుకు నాకు ఈ మొక్కకు తగిన చోటు పొలం గట్టే అనిపిస్తుంది. ఆఫ్రికాలోని మాలిలో అలాగే పెంచుతారు. పశువులు చేలో పడకుండా చుట్టూ కంచెగా నాటుకుని, గింజలు ఏరుకుంటారు. ఆ నూనెతో ఆడవాళ్లు సబ్బు చేస్తారు.